కేస్లి ఇంటికి ఆరు క్లిక్కులు

కొత్తగా కెమెరా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది, ఏ కెమెరా కొనాలి సార్ అని. తర్వాత, ఏ లెన్సు కొనాలి అని. ఏ స్టాండు కొనాలి అని అడిగినవాడు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. తగిలితే వాణ్ణి ఇంటికి పిలిచి నాటుకోడి వండించి పెడతాను.

నేను సర్కారు ప్రచార విభాగంలో ఫోటోగ్రాఫరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఖమ్మంలో కొన్నాళ్ళు, కొత్తగూడెంలో కొన్నాళ్ళు, భద్రాచలం వైపు చాలాకాలం. రిబ్బన్లు కత్తిరించినవాళ్ళనూ, చెక్కులు అందుకున్నవాళ్ళనూ, వరదలో పడవెక్కినవాళ్ళనూ తీశాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎప్పుడొచ్చాయో నాకే సరిగా గుర్తు లేదు, మీకెందుకు? మీకు పనికొచ్చేది ఒకటి రాస్తాను. మండే ఎండనీ, ఇంటి మూలనున్న నీడనీ ఒకే ఫోటోలో ఎట్లా పట్టాలన్నది. దాన్ని ఇప్పుడు హెచ్‌డీఆర్ అంటున్నారు. పేరు ఏదైనా, నా సర్వీసు మొత్తంలో నేను కాలరెగరేసి చెప్పుకునే ఫోటో ఆ పద్ధతిలో తీసిందే.

ఫ్లాష్ కొట్టవయ్యా

మా మొదటి పెద్దసారు మంచివాడు, భోజనప్రియుడు, ఫోటోల గురించి ఏమీ తెలియనివాడు. ఆయనకు వచ్చిన మంత్రం ఒక్కటే, "ఫ్లాష్ కొట్టవయ్యా!" నడినెత్తి మీద ఎండ కాస్తుంటే కొట్టాలి. పూరింట్లో ముసలమ్మకు పింఛను ఇస్తున్నా కొట్టాలి. కొట్టేవాణ్ణి. ఫోటోలో ఆ ముసలమ్మ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఉండేది. ఆమె ముఖం సున్నం పూసినట్టు, వెనక గోడ చదునుగా, వాకిలి ఇంకా తెల్లగా వచ్చేవి. ఆ ఇంట్లో ఆమె రోజూ కూర్చునే వెలుగు మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

అసలు విషయం చిన్నదే. గుమ్మంలో నిలబడి చూస్తే మీకు వాకిట్లో ఎండా కనపడుతుంది, లోపల మూలన కుండలూ కనపడతాయి. కన్ను అటు తిరిగితే అటు సర్దుకుంటుంది, ఇటు తిరిగితే ఇటు సర్దుకుంటుంది. కెమెరాకు ఆ ఓపిక లేదు. ఎండను పట్టమంటే ఇంటిని నల్లగా చేస్తుంది, ఇంటిని పట్టమంటే వాకిలిని తెల్లకాగితం చేస్తుంది. అందుకని ఎండకొకటి, నీడకొకటి, మధ్యలో మరికొన్ని తీసి, అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతాం. ఫ్లాష్ అయితే ఇంట్లో లేని వెలుగును తెచ్చి కుమ్మరిస్తుంది. ఈ పద్ధతి ఇంట్లో ఉన్న వెలుగునే చూపిస్తుంది. ఈ తేడా మా పెద్దసారుకు చెప్పబోయాను గానీ, ఆయన అప్పటికే భోజనానికి లేచాడు.

బూర్గంపాడు ఇసుక

పేర్చడం అన్నాను చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ఫోటోలన్నీ వెంట్రుకవాసి కదలకుండా ఒకే చోటి నుంచి రావాలి. అది నాకు గోదావరి ఇసుక నేర్పింది. బూర్గంపాడు వైపు ఒడ్డున స్టాండు నిలబెట్టి, అవతల భద్రాచలం మీది సాయంత్రపు ఆకాశాన్నీ, ఇవతల పడవల నీడలనూ కలిపి తీశాను. ఆఫీసుకొచ్చి కంప్యూటర్లో పేరిస్తే గుడికి రెండు గోపురాలు మొలిచాయి! నేను ఒక్కో ఫోటో తీస్తుంటే స్టాండు కాళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగుతూ పోయాయన్నమాట.

అప్పటి మా అధికారిణి ఆ ఫోటో చూసి, "రాములవారికి ఒక్క గోపురం చాలండీ, రేపు మళ్ళీ వెళ్ళి రండి" అంది. అంతే. మెమో లేదు, ఉపన్యాసం లేదు. నాకు దొరికిన బాసుల్లో బాసు అనదగ్గ మనిషి ఆవిడే. మర్నాడు కాళ్ళ కింద చెక్కముక్కలు వేసి, కెమెరా సంచిని స్టాండు నడుముకు వేలాడదీసి తీశాను. ఆ చెక్కముక్కలు రిటైరయ్యేదాకా నా సంచిలోనే ఉన్నాయి.

ఇక మిగతా ఏర్పాటు చెబుతాను, రాసుకోండి. కెమెరాను మాన్యువల్లో పెట్టండి. ఐఎస్ఓ వంద. ఎపర్చర్ ఎనిమిది దగ్గర ఉంచి దాని జోలికి మళ్ళీ పోవద్దు. అది మారితే ఒక ఫోటోలో వెనకది స్పష్టంగా, ఇంకోదాంట్లో మసగ్గా వచ్చి కలిపేటప్పుడు ఏడిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా వస్తాయి, కాబట్టి దాన్నీ ఒకచోట కట్టేయండి. ఫోకస్ ఒకసారి కుదుర్చుకుని ఆటోను ఆపేయండి. చెయ్యి వణుకును సర్దే మీట లెన్సు మీద ఉంటుంది, స్టాండు ఎక్కించాక దాన్నీ ఆపండి. లేని వణుకును వెతుక్కుంటూ అదే వణుకుతుంది, మా ఆఫీసులో కొందరిలాగా. ఫైళ్ళు 'రా'లో, అంటే కెమెరా పట్టింది పట్టినట్టే దాచే రకంలో తీయండి. బటన్ వేలితో నొక్కకుండా రిమోట్ వాడండి. ఇక ఫోటో ఫోటోకూ మారేది షట్టర్ ఒక్కటే.

ఇదంతా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. కానీ ఎందుకు నేర్చుకోవాలో నాకు చండ్రుగొండ దగ్గర ఒక లంబాడీ తండాలో తెలిసింది.

ఫ్లెక్సీ మీద ఇల్లు

నా సర్వీసు చివరి సంవత్సరం. అడవి అంచున ఉన్న ఆ తండాలో కేస్లి అనే ఆమెకు సర్కారు ఇల్లు మంజూరైంది. పాత మట్టి ఇంటిని కూల్చి, అదే జాగాలో కొత్త ఇంటికి ముగ్గు పోయాలి. ఆ ముగ్గు పోసే ఫోటోకు నన్ను పంపారు. మధ్యాహ్నం దాటేలోపు ముహూర్తం. మర్నాటి నుంచి మూఢం, ఇక నెలల తరబడి మంచిరోజు లేదు.

నేను చేరేసరికి జేసీబీ వచ్చి ఉంది. ఎర్రుపాలెం నుంచి కేస్లి కూతురి అత్తగారు వాళ్ళు వచ్చి ఉన్నారు. తండా మొత్తం అక్కడే ఉంది. కేస్లి మాత్రం పాత ఇంటి గడప మీద కూర్చుని ఉంది, లేవనంటోంది.

కారణం ఫ్లెక్సీ. హౌసింగు ఇంజనీరు ఉత్సాహవంతుడైన కుర్రాడు. ఆ పొద్దున్నే పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఎడమవైపు పాత ఇల్లు, కుడివైపు కొత్త ఇంటి బొమ్మ. కుడివైపు బొమ్మ తళతళలాడుతోంది. ఎడమవైపుది అతను ఫోన్లో తీసిన ఇంటి లోపలి ఫోటో. ద్వారం దగ్గర తెల్లటి మంట, మిగతాదంతా నలుపు. కింద లావుపాటి అక్షరాలతో కేస్లి పేరు.

"ఏంది సారూ గిది?" కేస్లి నన్ను చూడగానే అడిగింది. నా మెడలో కెమెరా చూసి నేనే తీశాననుకుంది. "గిది నా ఇల్లా? బొగ్గుబాయి లెక్కున్నది. నేను ఇన్నేండ్లు గిట్ల చీకట్ల బతికిన్నా? మా వియ్యపురాలు చూడవట్టె, ఊరంత చూడవట్టె."

"అది పాత ఇల్లే కదమ్మా. కొన్నాళ్ళయితే స్లాబు ఇంట్ల ఉంటవు. ఆ ఫోటో సంగతి ఇడిచిపెట్టు" అన్నాడు ఇంజనీరు.

"ఇడిచిపెట్ట. ఇల్లు కూలగొట్టుకోండి, నేను అడ్డం రాను. కానీ నా ఇల్లు ఎట్లున్నదో గట్లనే ఫోటో తియ్యాలె. తీసేదంక గీ గడప మీదికెల్లి లేవ."

కోడలు సుజాత అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆమె అత్తను వాళ్ళ భాషలో అమ్మ అన్నట్టు యాడీ అని పిలుస్తుంది. "యాడీ, ముహూర్తం దాటితే మళ్ళ పునాది ఎప్పుడు పడ్తదో. పిల్లలతోటి టార్పాలిన్ కింద ఎన్నాళ్ళుంటం? వానలొస్తే ఎట్ల?" అని ఏడుపు గొంతుతో అంది. సామానంతా అప్పటికే బయట టార్పాలిన్ కింద చేరింది మరి. కేస్లి కోడలి వంక చూసింది. కేస్లి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, కానీ లేవలేదు.

"సార్, నాకు ఇంకోకాడ కిరాయి ఉన్నది. జల్దీ తెమల్చండి" అన్నాడు జేసీబీ నడిపే శీను.

ఇంజనీరు నన్ను పక్కకు లాగాడు. "ఏదో ఒకటి తీసి చూపించండి సార్, లేస్తది." నేను అతని మాట వినిపించుకోకుండా చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్ళాను.

అద్దాల గోడ

మొదట నాకూ చీకటే. ఎండలోంచి వెళితే ఎవరికైనా అంతే. కాసేపు నిలబడ్డాను. కళ్ళు సర్దుకున్నాయి. అప్పుడు కనపడింది గోడ.

ద్వారానికి కుడివైపు గోడ నిండా చిన్నచిన్న అద్దాలు. తండా ఆడవాళ్ళు రవికెల మీద కుట్టుకునే అద్దాలే, మట్టిలో అద్ది ఉన్నాయి. వరసలు, చక్రాలు, తీగలు. వాకిట్లో ఎండ ఆ అద్దాలకు తగిలి ఎదుటి గోడ మీద పడుతోంది, అక్కడి నుంచి పైకప్పు వాసాల మీదికి పాకుతోంది. వెలుగు పల్చగా ఇల్లంతా ఉంది. అది చీకటి ఇల్లు కానే కాదు. నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది.

"ఎవరు చేసిన్రక్కా ఇది?" అన్నాను.

"ఇంకెవలు చేస్తరు, నేనే. ఏటా గోడ అలికినప్పుడల్ల కొన్ని పెట్టిన. మా ఆయన బొగ్గుబాయిల పనిచేసెటోడు. పొద్దంత బాయిల చీకటే. పైకొచ్చేసరికి పొద్దు గూకేది, మళ్ళ చీకటే. ఇంటికొస్తెనన్న మనిషికి వెలుగు కనవడాలె గదా. ఒక్క దీపం పెడితే గీ అద్దాలన్ని అంటుకునేటియి. గడపల నిలవడి నవ్వెటోడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన పోయినంక కూడ అలికిన. గసొంటి ఇంటిని బొగ్గుబాయి లెక్క తీసిండట గా ఇంజనీరు."

అప్పుడు అర్థమైంది ఆమె ఆ గడప మీద ఎందుకు కూర్చుందో. నేను బయటికి వచ్చి ఇంజనీరుతో అన్నాను, "ముహూర్తం దాటకుండా లేపుతా. కానీ ఫోటో అయ్యేదాకా నా జోలికి రావద్దు."

చేటలు

వెనక మూలన స్టాండు పెట్టాను, ఎదురుగా ద్వారం, ఒక పక్క అద్దాల గోడ వచ్చేట్టు. వాకిట్లో ఎండను కొలిస్తే షట్టర్ సెకనులో ఐదువందలో వంతు చూపించింది. గోడలో దీపం పెట్టే గూటి కింది నీడను కొలిస్తే రెండు సెకన్లు. ఈ రెంటి మధ్య రెండేసి మెట్లు, అంటే ఒక్కోసారి నాలుగు రెట్ల సమయం ఇస్తూ దిగుకుంటూ వస్తే ఆరు ఫోటోలు కావాలి. కెమెరాలో ఆటోమేటిగ్గా మూడో ఐదో తీసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని నమ్మి లెక్క కుదించుకోవద్దు. ఇల్లు ఆరు అడిగితే ఆరే తీయాలి, షట్టర్ చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ.

అన్నీ సిద్ధం చేసుకుని ఒక వరస తీసి చూస్తే నా తల ప్రాణం తోకకొచ్చింది. నేల మధ్యలో తెల్లటి మడుగు! కేస్లి తెల్లవారే ఇల్లంతా అలికి ముగ్గు పెట్టింది. అలుకు ఇంకా తడి. ద్వారం వెలుగు ఆ తడి మీద పడి నేరుగా నా లెన్సులోకి వస్తోంది.

"కూలిపోయే ఇంటిని ఎందుకలికినవక్కా?"

"దేవునికి దీపం పెట్టిన ఇల్లు. అలకకుంట ఎట్ల సాగదోలుతం?" అంది. నేను కెమెరా తెచ్చి దాని తెర చూపిస్తే, "ఓయమ్మో, వాన నీళ్ళు నిలిచినట్టున్నది. వద్దొద్దు, మా వియ్యపురాలు ఇల్లు కారుతదనుకుంటది" అని కొట్టిపారేసింది.

నేల ఆరేదాకా ఆగాలి. పొద్దు మాత్రం ఎవరికోసమూ ఆగదు. శీను అప్పటికే బండి స్టార్టు చేసి ఊరికే గుర్రుమనిపిస్తున్నాడు. ఫ్యాను తెద్దామంటే ఇంటికి కరెంటు వైరు ముందురోజే తీసేశారు.

అప్పుడు లేచింది ఎర్రుపాలెం వియ్యపురాలు. మనిషి భారీ, మాట ఇంకా భారీ. "ఏమమ్మా, చేటలు లేవా మీ తండాలో? చూస్తా కూర్చుంటే ఆరిద్దా నేల?" అని చీర కుచ్చిళ్ళు దోపుకుని టార్పాలిన్ కిందికెళ్ళి చేట పట్టుకొచ్చింది. సుజాత ఇంకోటి తెచ్చింది. తండా ఆడవాళ్ళందరూ ఇళ్ళకు పరిగెత్తి తలా ఒకటి తెచ్చారు. అలుకు తొక్కకుండా గోడల వెంబడి వరసగా నిలబడి, నేలకేసి విసరడం మొదలుపెట్టారు. ఒకామె పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. గడప మీద కూర్చున్న కేస్లి ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. శీను బండి ఆపేసి వచ్చి గుమ్మంలోంచి తొంగి చూశాడు. కాసేపటికి ముదురుగా ఉన్న నేల అంచుల నుంచి లేతబడుతూ వచ్చింది.

ఆరు క్లిక్కులు

అందరినీ బయటికి పంపాను. కేస్లి మాత్రం అద్దాల గోడ కింద కూర్చుంటానంది. ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చునే చోటు అదేనట.

"చివరి ఫోటోకు రెండు సెకన్లు కదలొద్దక్కా. ఒక్క క్లిక్కు వినపడగానే అయిపోయిందని లేవకు. ఆరు వినపడాలె" అన్నాను. ఫోటో తీయించుకునేవాళ్ళందరి అలవాటు అదే కదా, క్లిక్కుమనగానే లేచి చీర సవరించుకోవడం.

"ఆయన వచ్చేదంక కదలకుంట కూసున్నదాన్ని. రెండు సెకన్లు నాకు లెక్కనా?" అంది.

ఆమెతో మొదటి వరస తీశాను. చూస్తే ఒక కోడి ద్వారం దగ్గర ఒకసారి, నేల మధ్యలో ఒకసారి, కేస్లి కాళ్ళ దగ్గర ఒకసారి ఉంది. కలిపితే మూడు దయ్యపు కోళ్ళు! వియ్యపురాలు ఆ కోడిని రెక్కలు పట్టి ఎత్తుకెళ్ళింది. రెండో వరస. రిమోట్ నొక్కాను, చక్రం తిప్పాను, మళ్ళీ నొక్కాను. చివరి రెండు సెకన్లు ఆమెతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను. ఆరో క్లిక్కు పడింది. అయినా ఆమె కదల్లేదు. "అయిపోయిందక్కా" అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె తిన్నగా వెళ్ళి మళ్ళీ గడప మీద కూర్చుంది. చూడనిదే లేవదట.

మా ఆఫీసు జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఎండ పడకుండా తువ్వాలు కప్పుకుని కలిపాను. ఇక్కడ మీకు ఒక కటువైన మాట చెప్పాలి. కలపడం వచ్చింది కదాని ఇవాళ పెళ్ళి ఆల్బముల్లో ఆకాశం వంకాయ రంగులో, పెళ్ళికొడుకు ముఖం ఇత్తడి చెంబులా చేస్తున్నారు. అది పని రాకపోవడం. మూలన నీడ ఉంటే ఉండనివ్వాలి. నేను వాకిట్లో ఎండను ఎండగా ఉంచాను, గూటి కింద నీడను నీడగా ఉంచాను. మధ్యలో అద్దాలు వాటంతటవే వెలిగాయి.

ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. తెర మీద అద్దాలను ఒక్కొక్కటే వేలితో ముట్టుకుంది. వాకిట్లో తులసికోట కూడా కనపడుతోంది, దాని పక్కన దండెం మీద ఆరేసిన ఎర్రగుడ్డ కూడా.

"అవ్. గిదీ నా ఇల్లు" అంది. ల్యాప్‌టాప్‌ను వియ్యపురాలి చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి నిలబడింది.

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఎవరూ చెప్పకుండానే నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ తాళ్ళు విప్పాడు. "తప్పయింది పెద్దమ్మా, ఇదే ఫోటోతోటి కొత్తది కొట్టిస్త" అన్నాడు, కొట్టించాడు కూడా. కేస్లి కొడవలి మొనతో గోడలోంచి అద్దాలు పెకిలిస్తుంటే, నేలను ఆరబెట్టిన చేటల్లోనే ఆడవాళ్ళు వాటిని పోగుచేశారు. ఆ తర్వాత ఆమే శీనుకు చెయ్యి ఊపింది. ముహూర్తానికి ముగ్గు పడింది.

స్లాబు కింద

గృహప్రవేశానికి పిలుపొచ్చేసరికి నేను రిటైరయ్యాను. అయినా కెమెరా తీసుకునే వెళ్ళాను. కొత్త ఇంట్లో, ద్వారానికి కుడివైపు సిమెంటు గోడ మీద అద్దాలన్నీ మళ్ళీ ఉన్నాయి, వరసలు, చక్రాలు, తీగలు. మేస్త్రీ ఆ ఫోటో ప్రింటు ముందు పెట్టుకుని, కేస్లి చెప్పినచోట చెప్పినట్టు అద్దాడట. ఎదుటి గోడకు ఆ ఫోటోనే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు.

జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. తాళాలు అందించడం అయ్యాక ఆ ఫోటో ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు. ఇంజనీరు వైపు తిరిగి, "ఇంత వెలుతురున్న ఇంటిని ఎందుకు కూల్చారయ్యా?" అన్నాడు.

ఇంజనీరు నా వైపు చూశాడు. నేను నవ్వాపుకోలేక పైకప్పు చూశాను. కేస్లి ముందుకొచ్చింది.

"వానకు భయపడి సారూ. వెలుగు నాదే, స్లాబు మీది" అంది.

అధికారి బిగ్గరగా నవ్వాడు. వియ్యపురాలు అందరికన్నా గట్టిగా నవ్వింది. కేస్లి వెళ్ళి అద్దాల గోడ కింద కూర్చుని, "తమ్మీ, గిప్పుడు తియ్యి" అని నన్ను పిలిచింది. స్టాండు తీయబోయి ఆగాను. అద్దాల మీది ఎండ ఆమె ముఖం మీద సరిగ్గా పడుతోంది. చేత్తోనే పట్టుకుని తీశాను. ఒక్క క్లిక్కే. ఆరు వినపడలేదని ఆమె ఇంకా కదలకుండా కూర్చునే ఉంది.